మేము, మనము, ఆదివారం

ఇంగ్లీషులో "మేము" అన్నా "మనము" అన్నా మాట ఒక్కటే. దానిని తన భాషలోకి తెచ్చుకోబోయిన తెలుగువానికి మాత్రం రెండు దారులు ఎదురవుతాయి. ఎదుటివానిని కలుపుకొని "మనము" అనాలా, అతనిని అవతల నిలిపి "మేము" అనాలా? తమిళ, మలయాళ, మరాఠీ, గుజరాతీ రచయితలకు ఈ చిక్కు తెలిసినదే. హిందీలోను, వంగభాషలోను వ్రాసేవారికి ఈ బాధ లేదు. మన పొరుగున ఉన్న కన్నడం ఈ భేదాన్ని ఎన్నడో వదులుకున్నది. అనువాదకుని బల్లమీద రోజూ కనిపించే ఈ చిన్న చిక్కు బైబిలు దగ్గరకు వచ్చేసరికి పెద్దదవుతుంది.

తుపానులో చిక్కుకున్న దోనె కథ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. యేసు దోనె వెనుక భాగాన నిద్రిస్తున్నాడు. శిష్యులు ఆయనను లేపి, నశించిపోతున్నామని మొరపెట్టుకున్నారు. గ్రీకు మూలంలో ఉన్నది ఒక్క క్రియ. ఎవరెవరు నశించిపోతున్నారో అది విడదీసి చెప్పదు. తెలుగులో "మనము" అంటే నిద్రపోతున్నవాడు కూడా మునిగిపోయేవారిలో ఒకడవుతాడు. "మేము" అంటే, దోనెలోనే ఉన్నా, ఆయన ఆ ఆపదకు వెలుపల ఉంటాడు. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో "మేము" అనే ఉన్నది. ప్రాణభయంతో ఉన్న బెస్తవాళ్ళు "మనము" అనే అరచి ఉంటారని నాకు తోస్తుంది గాని, ఆ వాదం ఇక్కడ అక్కరలేదు.

నేను చెప్పదలచినది ఆదివారపు ఆరాధన గురించి. ప్రొటెస్టెంటు సంఘాలలో వారానికొకసారి జరిగే ఆ కూడికను గమనిస్తే, అది ఆద్యంతం ఈ రెండు సర్వనామాల మధ్య నడుస్తుందని తెలుస్తుంది. దేవునివైపు తిరిగి ప్రార్థించేటప్పుడు జనం "మేము" అంటారు. ప్రసంగం మొదలై ఒకరివైపు ఒకరు తిరిగేసరికి అదే జనం "మనము" అవుతుంది. ప్రభువు ప్రార్థనను గదిలో తలుపు వేసుకొని ఒంటరిగా చెప్పుకునేవాడు కూడా "నా" అనడు, "మా" అనే అంటాడు. కాబట్టి ఆదివారంనాడు అసలు ప్రశ్న, ఈ "మా"లో ఎవరెవరు ఉన్నారు అన్నదే. ఈ ప్రశ్నమీదనే ఆ కూడికలో తొలి తగవు పుట్టింది.

క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన ఉత్తరంలో ఆ తగవు కనిపిస్తుంది. అప్పట్లో ప్రభువు భోజనం నిజమైన భోజనం. రొట్టె ముక్క, గుక్కెడు రసంతో ముగిసేది కాదు. కలిగినవారు ముందుగా వచ్చి తాము తెచ్చుకున్నది తినివేసేవారు. లేనివారికి ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉండేవాడు. పౌలుకు కోపం వచ్చింది. ఆయన చెప్పిన పరిష్కారంలో వేదాంతమేమీ లేదు: ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు. ఆలస్యంగా వచ్చేవారు ఎవరో ఊహించుకోవడం కష్టం కాదు. బానిసలు, కూలివారు, పొద్దుపోయేదాకా పని వదలనివారు.

మరి అరవై ఏళ్ళకు, సుమారు 112లో, బిథునియ ప్రాంతాన్ని పాలించిన ప్లినీ అనే రోమను అధికారి తన చక్రవర్తి ట్రాజనుకు ఒక జాబు వ్రాశాడు. క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారనీ, క్రీస్తును దేవునిగా ఎంచి వంతులవారీగా పాట పాడుకుంటారనీ, దొంగతనం, వ్యభిచారం, మాట తప్పడం వంటివి చేయమని ఒట్టు పెట్టుకుంటారనీ, తరువాత మళ్ళీ కలుసుకొని సామాన్యమైన భోజనం చేస్తారనీ అందులో ఉన్నది. సంఘాలను నిషేధించిన తన ఆజ్ఞ తరువాత ఆ భోజనం మానుకున్నారట. ఈ సంగతులు నిజమో కాదో తేల్చుకోవడానికి ఆయన ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. ఆ ఇద్దరూ సంఘంలో పరిచారికలు. సామ్రాజ్యం లెక్కలో మనుషులుగా చెల్లని ఆ ఇద్దరికి ఆ కూడికలో ఒక పదవి ఉన్నదన్నమాట. ప్లినీకి ఈ విషయం విశేషంగా తోచినట్టు లేదు.

ఇంకొక నలభై ఏళ్ళకు రోములో జస్టిన్ అనే పండితుడు వ్రాసిన సమర్థన గ్రంథంలో ఆదివారపు క్రమం పూర్తిగా దొరుకుతుంది. పట్టణాలలోనివారు, పల్లెలలోనివారు ఒకచోట చేరుతారు. గ్రంథాలు వ్యవధి ఉన్నంతసేపు చదువుతారు. పెద్ద బోధిస్తాడు. అందరూ లేచి నిలబడి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. రాలేనివారి వంతు పరిచారకుల చేత ఇండ్లకు పంపుతారు. పోగైన కానుక అనాథలకు, విధవలకు, రోగులకు, ఖైదులో ఉన్నవారికి ఖర్చవుతుంది. నేటి తెలుగు పల్లెలోని చిన్న మందిరంలో జరిగే ఆరాధన ఎముకల గూడు ఇదే.

321లో కాన్‌స్టంటైను చక్రవర్తి ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించినప్పుడు న్యాయాధిపతులకు, పట్టణవాసులకు, చేతిపనివారికి సెలవు దొరికింది. సేద్యానికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విత్తే అదను దాటిపోకూడదని కారణం చెప్పాడు. పొలంలో పనిచేసేవానికి ఆదివారం లేకపోవడం అంత పాతది. మన దేశంలో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు 1890లో గాని రాలేదు. దానికోసం పోరాడిన నారాయణ్ మేఘాజీ లోఖండే అది ఖండోబా దేవుని వారమని కూడా వాదించాడు. వ్యవసాయ కూలీకి నేటికీ ఆదివారమంటే కూలి లేని రోజు అని మాత్రమే అర్థం.

మధ్యయుగాలలో పడమటి దేశాల సంఘం నోరు మూతపడింది. పూజ లాటినులో జరిగేది. పాట గాయకబృందానిది, పాత్ర గురువుది, జనం చూచేవారు. పదునారవ శతాబ్దపు సంస్కర్తలు ఎన్నో సిద్ధాంతాలమీద తగవులాడుకున్నారు గాని, జనం నోరు జనానికి తిరిగి ఇవ్వడంలో మాత్రం దాదాపు ఏకమయ్యారు. 1524లో విటెన్‌బర్గు వర్గీయులు ఎనిమిదే పాటలతో ఒక చిన్న పుస్తకం వేశారు. 1526లో లూథరు జర్మను భాషలో ఆరాధన క్రమం రచించాడు. 1562 నాటికి జెనీవాలో నూటయాభై కీర్తనలూ ఛందోబద్ధమై సామాన్యుల నోటికి వచ్చాయి. ఇంగ్లండులో 1549 నాటి ప్రార్థన గ్రంథం క్రాన్మరు చేతిమీదుగా వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారు దానిని గద్యశైలికి నమూనాగా మెచ్చుకుంటారు. వరుసలు వరుసలుగా నిలబడి ఒక్క గొంతుతో చెప్పడానికి కూర్చిన వాక్యాలని మరచిపోతుంటారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూచి వ్రాసిన వచనమది. అదే దేశంలో 1559 నాటి చట్టం ఆదివారం చర్చికి రానివానికి పన్నెండు పెన్నీలు జరిమానా వేసింది. ప్రజల గొంతును ప్రజలకిచ్చినవారే అది విప్పి తీరాలని శాసించడం ఆ దేశపు చరిత్రలోని వింతలలో ఒకటి.

ఇక తెలుగునాట సంగతి. అనువాదకులు ఇక్కడ చేసిన ఎంపికలలో కొన్ని నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటాయి. గ్రీకులో ఊరి పౌరుల సభకు వాడే మాటకు "సంఘము" అన్నారు. అమరావతి, నాగార్జునకొండల నేలమీద బౌద్ధులు వాడి విడిచిన మాట అది. పూజకు "ఆరాధన" అన్నారు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామికి ఏటేటా జరిగేదీ ఆరాధనే, అక్కడా పంచరత్నాలను అందరూ కలిసి కూర్చుని పాడుతారు. తన అనుభవాన్ని నలుగురి ఎదుట చెప్పడానికి "సాక్ష్యము" అనే కోర్టుమాట కుదిరింది. వీటన్నిటి మధ్య "కూడిక" అనే అచ్చతెలుగు మాట నిలిచిపోయింది. ఏ పండితుడూ దానిని నిర్ణయించి ఉండడు, జనమే వాడుకున్నారు.

పాట విషయంలో కథ ఇంకా రుచిగా ఉంటుంది. మిషనరీలు మొదట తమ దేశపు బాణీలనే తెచ్చారు. ఇంగ్లీషు పాట నడక ఊనికమీద ఆధారపడింది, తెలుగు నడక గురులఘువులమీద. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటలు కూర్చితే దీర్ఘం పొట్టిదవుతుంది, హ్రస్వం సాగుతుంది, మాట అర్థమే మారిపోతుంది. ఇటువంటి పాటలు నేటికీ పట్టణపు చర్చీలలో వినిపిస్తూనే ఉన్నాయి; అలవాటయినవారికి అవీ తీపే. కాని పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు వ్రాసినవి వేరు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ ఇక్కడివే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ముద్రించి ఉంటాయి. చదువు రాని జనానికి ఈ పాటలే గ్రంథం. ఒకరు చరణం అందుకుంటే పల్లవి అందరిదీ అయ్యేది. అక్షరం రాని ముసలమ్మ కూడా పది చరణాలు తడుముకోకుండా పాడటం కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణలోను చూచినవారికి వింత కాదు.

పాట వచ్చింది గాని పనినుంచి విడుదల రాలేదు. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల జనం. తెల్లవారితే రైతు పొలానికి పోవలసినవారు. అందుచేత పల్లెలలో ఆరాధన పొద్దువాలిన తరువాత జరిగేది. ఆదివారమే కాదు, చాలాచోట్ల రోజూ సాయంత్రం ఉపదేశకుడు గంట కొట్టి జనాన్ని పిలిచేవాడు. ఆదివారం మొదటి గంట, రెండవ గంట, మూడవ గంట అని మూడుమార్లు కొట్టడం ఇప్పటికీ ఉన్నది. మొదటి గంటకు పొయ్యి దగ్గర ఉన్నవారు మూడవ గంటకు చాపమీద ఉంటారు. కొరింథువారికి పౌలు చెప్పిన మాట, ఒకరికోసం ఒకరు ఆగడం, మన పల్లెలలో ఇనుపగంట రూపంలో అమలైనదనుకోవచ్చు.

చేతిలో రొక్కం ఆడనివారి కానుక కూడా పొయ్యి దగ్గరనుంచే వచ్చింది. ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోనుంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం దానిని కొంగున కట్టుకొని పోవడం స్త్రీలు నడిపిన ఏర్పాటు. అయ్యగారి కుటుంబం ఆ బియ్యంమీదనే బ్రతికిన సంఘాలు ఎన్నో. కోతల పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. రెండు రూపాయల గుమ్మడికాయను పంతం పట్టి ఇరవైకి పాడుకునే పెద్దమనిషి అక్కడ తప్పక ఉంటాడు. భక్తిలో కొంత వినోదం ఉండటం నాకు తప్పుగా తోచదు.

ఇప్పుడు కష్టమైన విషయానికి వస్తాను. ఈ "మనము"లోకి ఎవరెవరు రావచ్చు?

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికను బాప్తిస్టు మిషనరీ ఒంగోలు చేరాడు. పై కులాల పిల్లలు ఆయన పాఠశాలకు వచ్చారు, వారి పెద్దలు ఆయన మాటలు విన్నారు. అదే ఏడాది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగవాడు బాప్తిస్మం పొంది, తన వారిని వెంటబెట్టుకు రాసాగాడు. వీరిని చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు స్పష్టం చేశారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేరువేరు గదులలో ఉండగా, ఒకరికి తెలియకుండా ఒకరు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగాన్ని తెరిచి చదివారట. లోకం ఎన్నికలేనివారిగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పాడు. పాఠశాల ఖాళీ అయినది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1876–78 నాటి గొప్ప కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని కూలి ఇప్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని.

తమిళదేశంలో ఈ తగవు అంతకుముందే ముదిరింది. అక్కడ కులాలవారీగా వేరువేరు చోట్ల కూర్చోవడం, పాత్రను ముందు ఒకరు తరువాత ఒకరు తాకడం నూరేళ్ళుగా సాగింది. 1833లో కలకత్తా బిషపు డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదం పనికిరాదని గట్టి ఉత్తరువు పంపేసరికి తంజావూరులోను, మద్రాసు వేపేరిలోను ఎంతోమంది సంఘాన్ని వదిలి వెళ్ళారు. వారికి సిద్ధాంతంతో పేచీ లేదు. పేచీ అంతా ప్రక్కన ఎవరు కూర్చుంటారు, పాత్ర ఎవరి పెదవి తాకి తమ దగ్గరకు వస్తుంది అన్నదానితోనే.

ఇక్కడ "ఎంగిలి" అనే మాటను తలచుకోక తప్పదు. దీనికి ఇంగ్లీషులో సరియైన మాట లేదు. ఎన్నిసార్లు అనువదించబోయినా ఒక వాక్యం వ్రాయవలసి వస్తుంది. నోరు తగిలినది మైలపడినదనే భావం పాలుతో పాటు త్రాగిన సమాజంలో, ఒకే పాత్రనుంచి అందరూ త్రాగాలని చెప్పే సంస్కారం ఎంత తీవ్రమైనదో పడమటి దేశాలవారు ఊహించలేరు. తల్లి తన బిడ్డ ఎంగిలి తింటుంది, భార్య భర్త విస్తరిలో తింటుంది. ఎంగిలి లేకపోవడం చుట్టరికానికి గుర్తు. పాత్ర ఒకటే అయినప్పుడు వరుసలో ఉన్నవారంతా చుట్టాలయ్యారని చెప్పకనే చెప్పినట్టు. 1890 తరువాతి సంవత్సరాలలో సూక్ష్మక్రిముల భయంతో అమెరికా సంఘాలు చిన్న చిన్న విడి గ్లాసులు వాడుకలోకి తెచ్చాయి. అవి మన సంఘాలలోకీ చాలావాటిలోకి వచ్చాయి. ఆరోగ్యరీత్యా అభ్యంతరం చెప్పడానికి లేదు. కాని అక్కడ క్రిమికోసం వచ్చిన విడి గ్లాసు ఇక్కడ ఎంగిలి చిక్కును కూడా చడీచప్పుడు లేకుండా తీర్చిందని నా అనుమానం.

దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఏర్పడింది. ఆంగ్లికను, మెథడిస్టు, కాంగ్రిగేషనలు, ప్రెస్బిటేరియను శాఖలు ఒకటయ్యాయి. 1950లో ఆ సంఘం వెలువరించిన ఆరాధన క్రమంలో "సమాధానం అందించడం" అనే చిన్న క్రియ ఒకటి ఉన్నది. కేరళ సిరియను క్రైస్తవుల పాత ఆచారం నుంచి తీసుకున్నది. ఒకరి కుడి అరచేతిలో ఒకరి కుడి అరచేయి ఉంచి, ఎడమచేయి పైన మూయడం, అది అందుకున్నవారు ప్రక్కవారికి అందించడం. అంతే. పడమటి దేశాల సంఘాలు తమ ఆరాధనను తిరిగి దిద్దుకున్నప్పుడు ఈ క్రమాన్ని శ్రద్ధగా చదివి, ఆ ఆచారాన్ని తామూ చేపట్టాయి. లండనులోనో న్యూయార్కులోనో అది మర్యాదకు మించినది కాకపోవచ్చు. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 1950లోనే అమలులోకి వచ్చిన దేశంలో, అదే ఏడాది ఆరాధన మధ్య ప్రక్కవాని చేతిని రెండు చేతులతో పట్టుకోమని చెప్పడం వేరు. నాకు తెలిసినంతలో మనవాళ్ళు ప్రపంచ క్రైస్తవారాధనకు ఇచ్చిన వాటిలో దీనిని మించినది లేదు. అయినా, దూరంనుంచి నమస్కారం పెట్టి ఈ క్రియను దాటవేసే సంఘాలు ఈనాడు తక్కువేమీ కావు.

భోజనం విషయంలో భక్తసింగ్ గారి సంఘాలను చెప్పుకోవాలి. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన 1941లో మద్రాసులోను, తరువాత హైదరాబాదు హెబ్రోనులోను నెలకొల్పిన కూడికలలో ఆదివారపు ఆరాధన గంటల తరబడి సాగేది. ముగియగానే వచ్చినవారందరికీ ప్రేమవిందు. నేలమీద వరుసగా కూర్చుని తినడం. సహపంక్తి భోజనమని సంఘసంస్కర్తలు ఏడాదికొకసారి సభపెట్టి చేసినది, అక్కడ ప్రతి ఆదివారం మామూలుగా జరిగింది. గురుద్వారాలోని లంగరు జ్ఞాపకం దీనిలో ఉండి ఉండవచ్చు.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసినది ఇంకొకటి ఉన్నది. ఒకే ఊరిలో మాలపల్లెకు ఒక మందిరం, మాదిగపల్లెకు మరొక మందిరం, రెండు గంటలు, ఇద్దరు అయ్యగార్లు ఉండటం కోస్తా జిల్లాలలో నేటికీ అరుదు కాదు. పాడేవి అవే పాటలు. పెండ్లి సంబంధాలు కులం దాటవు. సంఘపు ఎన్నికలు వస్తే ఏ వర్గం ఎటు ఉన్నదో అందరికీ తెలుసు. ఒంగోలులో పై కులాలవారు తలుపు దగ్గర నిలబడి చెప్పిన మాటనే, లోపలికి వచ్చినవారు తమలో తాము మరొక విధంగా చెప్పుకుంటున్నారు.

కూడికలో కనపడటానికి మరొక వెల కూడా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు, ముస్లిములకు లేదు. మన రాష్ట్రంలో వీరిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గంగా ఒక్క శాతం రిజర్వేషనుతో చేర్చారు. పల్లెలో మనిషిని చూచే చూపు మారలేదు, కాగితంమీద కులం మాత్రం మారింది. అందుచేత ఎందరో ధ్రువపత్రంలో ఒకటిగాను, ఆదివారం మరొకటిగాను బ్రతుకుతున్నారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆమెకు షెడ్యూల్డు కులం పత్రం నిరాకరిస్తూ, ఆమె క్రమంగా చర్చికి వెళ్ళి ఆరాధిస్తున్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకున్నది. చట్టం ఏమి కావాలన్నది పెద్దలు వాదించుకోవలసినదే. నాకు కలిగిన ఆలోచన చిన్నది. ఒకనాడు ఇంగ్లండులో చర్చికి రానందుకు పన్నెండు పెన్నీలు పోయేవి. ఇక్కడ వచ్చినందుకు ఉద్యోగం పోవచ్చు. అయినా వెళ్ళి చాపమీద కూర్చునేవారు ఆ "మేము" అనే మాటకు ఎంత చెల్లిస్తున్నారో వారికి తెలుసు.

ఇటీవలి మార్పులను త్వరగా చెబుతాను, అందరూ చూస్తున్నవే. ధ్వనివర్ధకం వచ్చి జనం గొంతును క్రమంగా మింగింది. వేదికమీద నలుగురు వాద్యాలతో పాడుతుంటే క్రింద ఉన్నవారు చప్పట్లు కొడతారు. అయ్యగారి ప్రసంగంలో "మనము" తగ్గి "మీరు" పెరిగింది. కొత్త పాటలలో "నేను" ఎక్కువయినదని పెద్దలు సణుగుతారు; ఇందులో కొంత అన్యాయం ఉన్నది. దావీదు కీర్తనలలో సగానికి పైగా "నేను" అనే ఏడ్చాయి. వందమంది కలిసి "నేను" అని పాడినప్పుడు అది ఏకవచనంగా మిగలదు. పాడేది వేదికమీది ఒక్కరే అయినప్పుడే చిక్కు. మధ్యయుగపు మూతపడిన నోరు ఈసారి విద్యుత్తుతో తిరిగి వచ్చిందని నాకు అనిపిస్తుంది.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మందిరాలూ మూతపడ్డాయి. ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ 12న వచ్చింది. ఎవరి ఇంట్లో వారే జరుపుకున్నారు. జూన్ 8 తరువాత గాని తెరవడానికి అనుమతి రాలేదు. ఆ వారాలలో ఫోనులో ప్రసంగం విన్నవారు లక్షలలో ఉంటారు, మంచి ప్రసంగాలే విన్నారు. తెరమీద దొరకనివి వేరే ఉన్నాయి: ప్రక్క మనిషి శ్రుతి తప్పిన పాట, చేతికి చేయి, పాత్ర. దూరానికి అవి లొంగలేదు. తలుపులు తెరిచాక కొందరు తిరిగి రాలేదు. ఇంటి దగ్గరే సౌకర్యంగా ఉన్నదంటారు. కొరింథులో ముందుగా వచ్చి తినివేసినవారికి కూడా సౌకర్యంగానే ఉండి ఉంటుంది.

ఆరాధన చివర ఆశీర్వచనం ఇచ్చేటప్పుడు ఒక సూక్ష్మం ఉన్నది. అభిషేకం పొందిన గురువు చేతులెత్తి కృప "మీకు" తోడుండాలని అంటాడు. ఆయన లేని పల్లెలో సంఘపెద్ద నడిపిస్తే చేతులెత్తడు, "మనకు" అంటాడు. పల్లెలు ఎక్కువ, గురువులు తక్కువ కావడంవల్ల తెలుగు సంఘాలలో చాలా ఆదివారాలు "మనకు" అనే ముగుస్తాయి. తరువాత చెప్పుల కుప్ప దగ్గర కొంత సందడి, ఎవరు రాలేదని విచారణ. సంస్కారం జరిగిన ఆదివారమైతే అయ్యగారు, ఇద్దరు పెద్దలు చిన్న పెట్టెలో రొట్టె, రసం సర్దుకొని మంచాన పడినవారి ఇండ్లకు బయలుదేరుతారు, జస్టిన్ వ్రాసినట్లే. గడపలో చెప్పులు విడిచి లోపలికి వెళతారు. మంచం ప్రక్కన స్టూలుమీద తెల్లగుడ్డ పరుస్తారు. ముగ్గురు నిలబడి, ఒకరు పడుకొని ప్రభువు ప్రార్థన చెబుతారు. నెలల తరబడి ఇల్లు దాటని ఆ మనిషి కూడా వారితో పాటు "మా" అనే మొదలు పెడుతుంది.